సిగ్గుపడేలోపు ఒక క్వార్టర్ పోతుంది

కాలిఫోర్నియాలో, క్యూపర్టినోలోని డి ఆంజా ఒక కమ్యూనిటీ కాలేజీ, అంటే డిగ్రీ మొదటి రెండేళ్లు చదివించే ప్రభుత్వ కాలేజీ. అక్కడ రెండేళ్లు చదివి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లైన బర్క్‌లీకో శాన్ డియెగోకో ఇంజినీరింగుకి మారదామనుకునే విద్యార్థికి గణితంలో ఆరు మెట్లుంటాయి. కాల్కులస్ నాలుగు కోర్సులు: 1ఏ, 1బీ, 1సీ, 1డీ. ఆ తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ 2ఏ, లీనియర్ ఆల్జీబ్రా 2బీ. 1ఏ గట్టెక్కనిదే 1బీలో పేరు నమోదు కాదు, 1బీ లేనిదే 1సీ లేదు. కాలేజీ నడిచేది క్వార్టర్ పద్ధతిలో. ఫాల్, వింటర్, స్ప్రింగ్, ఒక్కొక్కటీ పరీక్షలతో కలిపి పన్నెండు వారాలు. రెండేళ్లంటే, వేసవులు పక్కనపెడితే, ఆరు క్వార్టర్లు. మెట్లూ ఆరే. చివరి రెండు కోర్సులూ ఒకే క్వార్టర్‌లో లాగించేవాళ్లు లేకపోలేదు గానీ, అదే సమయంలో ఫిజిక్స్, ప్రోగ్రామింగు కూడా నెత్తిమీద ఉంటాయి.

ఆగస్టు చివర్లో "సరే, ఇంక చేసేదేముంది, ఇక్కడే చేర్పిద్దాం" అని వచ్చే కుటుంబానికి ఆ మొదటి మెట్టే దొరకదు. ఫాల్ క్వార్టర్ మొదలయ్యేది సెప్టెంబరు చివర్లో కదా, ఇంకా నెల ఉంది కదా అనుకుంటారు. రిజిస్ట్రేషన్ మాత్రం వేసవిలోనే తెరుస్తారు. ఆగస్టు వచ్చేసరికి కాల్కులస్ సెక్షన్లు నిండి ఉంటాయి, ల్యాబ్ ఉన్న కెమిస్ట్రీ సంగతి చెప్పక్కర్లేదు. ఖాళీగా ఉన్న సెక్షన్ ఏదో తీసుకుని "వింటర్‌లో చూద్దాంలే" అనుకుంటే, మెట్లన్నీ ఒక క్వార్టర్ వెనక్కి జరిగినట్టే. యూనివర్సిటీలు బదిలీ విద్యార్థులని ఎక్కువగా తీసుకునేది ఫాల్‌లోనే కాబట్టి, అక్కడ పోయిన పన్నెండు వారాలు చివరికి ఏడాదిగా తేలతాయి.

ఆగస్టు దాకా ఎందుకు ఆగారు? యూనివర్సిటీల జవాబులు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే వచ్చేస్తాయి. కోరుకున్న చోట రాలేదని అప్పుడే తెలుసు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ ఇంట్లో నడిచేది ఒకటే ఆలోచన: నలుగురూ ఏమనుకుంటారు? ఉగాది సంబరాల్లో, వారాంతపు విందుల్లో "మీవాడు ఎక్కడ?" అన్న ప్రశ్నకి కమ్యూనిటీ కాలేజీ పేరు చెప్పాలంటే నోరు రాదు. దూరాన ఏదో రాష్ట్రంలో, అప్పుచేసి కట్టే ప్రైవేటు కాలేజీ గురించి చర్చలు, వెయిట్‌లిస్టుల మీద ఆశలు, చివరికి ఆగస్టులో ఉన్నపళంగా పరుగులు. మా వాదన సూటిగా ఇది: కమ్యూనిటీ కాలేజీకి వెళ్లిన తెలుగు పిల్లలు నష్టపోతే, ఆ నష్టంలో పెద్ద భాగం కాలేజీ నాణ్యత వల్ల కాదు. పెద్దవాళ్ల సిగ్గు వల్ల ఆలస్యంగా, మనసొప్పక, పథకం లేకుండా చేరడం వల్ల.

ఈ సిగ్గు మనకి కొత్తేమీ కాదు. ఊళ్లో పాలిటెక్నిక్‌ని కూడా ఇలాగే చూశాం. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఆంధ్ర, తెలంగాణల్లో ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ దారిలో వచ్చినవాళ్లకి వర్క్‌షాపులో, ల్యాబుల్లో చెయ్యి తిరిగి ఉంటుందని ఇంజినీరింగు కాలేజీల్లో చదివిన ఎవరిని అడిగినా చెబుతారు. అయినా ఇంటర్, ఎంసెట్ దారికి ఉన్న గౌరవం దానికి దక్కలేదు. సముద్రం దాటినా ఆ కొలబద్దని మాత్రం పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాం.

అసలు ఈ కాలేజీలు ఎందుకు కట్టారో తెలిస్తే చూపు కొంత మారవచ్చు. 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకి ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. అప్పటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) అధ్యక్షుడు క్లార్క్ కెర్ దానికి ముఖ్య శిల్పి, గవర్నర్ పాట్ బ్రౌన్ దాన్ని చట్టం చేశారు. హైస్కూలు ముగించినవాళ్లలో పై ఎనిమిదో వంతు యూసీకి, పై మూడో వంతు స్టేట్ కాలేజీలకి (ఇప్పటి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, సీఎస్‌యూ) అర్హులు, చదువుకుని ప్రయోజనం పొందగల ఎవరికైనా జూనియర్ కాలేజీ (ఇప్పటి కమ్యూనిటీ కాలేజీ) తలుపు తెరిచే ఉంటుంది అన్నది పంపకం. దాని పక్కనే ఇంకో మాట ఉంది, దాన్ని మనవాళ్లు గమనించరు: యూనివర్సిటీలో పై రెండేళ్ల విద్యార్థులు 60 పాళ్లు, కింది రెండేళ్లవాళ్లు 40 పాళ్లు ఉండేలా చూడాలి. అంటే మూడో ఏట వచ్చి చేరేవాళ్ల కోసం చోటు ముందే అట్టేపెట్టారు. ఎవరో మానేస్తే మిగిలిన సీట్లు కావవి. ఇప్పటికీ యూసీ మొదటి ఏడాదిలో చేరే ఇద్దరు ఫ్రెష్‌మన్లకి ఒక బదిలీ విద్యార్థి అనే నిష్పత్తిని లక్ష్యంగా పెట్టుకుంటుంది, ఆ బదిలీ సీట్లలో అత్యధిక భాగం రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల వాళ్లకే వెళ్తాయి. చివరికి చేతికొచ్చే పట్టా మీద మొదటి రెండేళ్లు ఎక్కడ చదివారో రాయరు.

ఆ పథకం కింద శివారు ఊళ్లన్నిటా కాలేజీలు లేచాయి. ఇప్పుడు రాష్ట్రంలో 116 ఉన్నాయి, 73 కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టుల (పాలక సంస్థల) కింద. డి ఆంజా 1967లో తెరుచుకుంది, లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ కాలేజీకి చెల్లెలుగా. ద్రాక్షతోటలు, పళ్లతోటలు ఇళ్లుగా మారుతున్న కాలం అది. ఆవరణలో లె పెటీ ట్రియనాన్ అనే పాత ఎస్టేటు భవనం ఇప్పటికీ ఉంది, అందులో కాలిఫోర్నియా చరిత్ర కేంద్రం నడుస్తోంది. కాలేజీ పేరు 1776లో ఈ దారిన సాగిన స్పానిష్ దళనాయకుడు హువాన్ బౌతీస్తా దె ఆంజాది. ఆ దళంలోని పాదిరీ పేద్రో ఫోంత్ అక్కడి వాగుకి ఇటలీలోని కుపర్టీనోకి చెందిన సెయింట్ జోసెఫ్ పేరు పెట్టాడు, ఊరి పేరు అలా వచ్చింది. పరీక్షలకి వెళ్లే విద్యార్థులు మొక్కుకునే సెయింట్ ఆయనే. ఆపిల్ సహస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ కొలరాడో యూనివర్సిటీలో ఒక ఏడాది తర్వాత ఇంటికొచ్చి చదివింది డి ఆంజాలోనే, అక్కడినుంచి బర్క్‌లీకి మారాడు. 1984లో మాకింతాష్‌ని లోకానికి చూపించింది ఇదే ఆవరణలో అప్పట్లో నడిచిన ఫ్లింట్ సెంటర్ అనే ప్రేక్షకశాల వేదిక మీద.

ఖర్చు మాట. 1984 దాకా కాలిఫోర్నియాలో ఈ కాలేజీలకి ఫీజే లేదు. ప్రతి కోర్సు బరువునీ యూనిట్లలో కొలుస్తారు, ఫీజూ యూనిట్ల లెక్కనే. 2012 నుంచి సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు, క్వార్టర్ యూనిట్‌కి 31 డాలర్లు. బదిలీకి కావలసింది 60 సెమిస్టర్ యూనిట్లు, లేదా 90 క్వార్టర్ యూనిట్లు. క్వార్టర్ యూనిట్లని మూడింట రెండు వంతులు చేస్తే సెమిస్టర్ యూనిట్లు. తొంభైని 31తో గుణిస్తే 2,790 డాలర్లు, రెండేళ్లకీ కలిపి. చిల్లర రుసుములు, పుస్తకాలు వేరు. యూసీలో రాష్ట్ర నివాసికే ఒక్క ఏడాది ట్యూషను సుమారు 15 వేల డాలర్లు, హాస్టలు, భోజనం కాకుండా. లెక్క అందరికీ తెలిసినదే. అయినా ఈ ఆదా ఒక్కటే కారణంగా చేర్పించేవాళ్లంటే మాకు భయం. డబ్బు మిగిలిందన్న తృప్తిలో మిగతా లెక్క చూడరు.

ఆ మిగతా లెక్క ఉండేది అసిస్ట్ అనే వెబ్‌సైటులో. రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలకీ, యూసీ, సీఎస్‌యూ క్యాంపస్‌లకీ మధ్య ఏ కోర్సు దేనికి సమానమో ఒప్పందాలన్నీ అందులో ఉంటాయి. ఏటా మారతాయి. మూడు పెట్టెలు నింపాలి: ఏ విద్యా సంవత్సరం, ఏ కాలేజీ నుంచి, ఏ యూనివర్సిటీకి. తర్వాత మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, ఎంచుకోవాలి. ఒక పేజీ తెరుచుకుంటుంది. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి బదులుగా చెల్లే మీ కాలేజీ కోర్సు. చూడటానికి మన రైల్వే టైంటేబుల్‌లాగే ఉంటుంది, దానిలాగే అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదే ముఖ్యం.

ఈ పేజీని కంగారు లేకుండా చదవాలి. బర్క్‌లీలో లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కలిపి ఒకే కోర్సు, మ్యాథ్ 54. డి ఆంజాలో అవి 2ఏ, 2బీ అని రెండు. అసిస్ట్‌లో ఆ రెంటి మధ్య 'అండ్' అన్న చిన్న మాట ఉంటుంది. 2బీ మాత్రమే చదివి, లీనియర్ ఆల్జీబ్రా అయిపోయింది కదా అని 2ఏ వదిలేస్తే, మ్యాథ్ 54 సగం రావడం కాదు, మొత్తం రానట్టే. 'ఆర్' అని ఉన్నచోట ఏదో ఒకటి చాలు. కుడివైపు కోర్సు పేరు బదులు 'నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్' అని ఉంటే, ఆ కోర్సుకి మీ కాలేజీలో సమానమైనది లేదని అర్థం. దాన్ని పొరుగు కాలేజీలో తీసుకోవచ్చేమో చూడాలి, లేదా మారిన తర్వాత అక్కడే చదవాలి. దాన్ని చూసి కంగారుపడి మేజర్ మార్చుకోనక్కర్లేదు. ఒకటికి నాలుగు క్యాంపస్‌ల పేజీలు తీసి పక్కపక్కన పెట్టుకుంటే అన్నిటా ఉన్న కోర్సులు ముందు, ఒక్కదానికే కావలసినవి తర్వాత అని వరస దానంతటదే తేలుతుంది. ఈ పని మొదటి క్వార్టర్‌కి ముందే జరగాలి. రెండో ఏట చేస్తే అది పోస్ట్‌మార్టం.

జనరల్ ఎడ్యుకేషన్, అంటే మేజర్ ఏదైనా అందరూ చదవవలసిన కోర్సుల విషయంలో ఇంకో పొరపాటు తరచుగా కనిపిస్తుంది. 2025 ఫాల్ నుంచి యూసీ, సీఎస్‌యూ రెంటికీ చెల్లేలా కాల్-జెటీసీ అనే ఒకే జాబితా వచ్చింది, అంతకుముందున్న ఐజెట్సీ స్థానంలో. మొత్తం 34 సెమిస్టర్ యూనిట్లు. సాహిత్యం, చరిత్ర, సామాజిక శాస్త్రం వైపు వెళ్లేవాళ్లకి దీన్ని పూర్తిచేసి వెళ్లడం మంచిదే. ఇంజినీరింగువాళ్లకి అలా కాదు. గణితం, ఫిజిక్స్, ప్రోగ్రామింగు పూర్తికాకుండా జనరల్ ఎడ్యుకేషన్ జాబితా మొత్తం ముగించి వచ్చిన దరఖాస్తుని ఇంజినీరింగు విభాగాలు పక్కన పెడతాయి. "ముందు తేలిక కోర్సులతో జీపీఏ పెంచుకోనీ" అని ఇచ్చే సలహా మన ఇళ్లలో బాగా వినిపిస్తుంది. ఇంజినీరింగు విషయంలో అంతకన్నా చెడ్డ సలహా మరొకటి లేదు.

క్వార్టర్, సెమిస్టర్ కలగలపడం ఇంకో గుంట. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతివి. ఫ్రీమాంట్‌లో ఓలోనీ, శాంటా క్లారాలో మిషన్, సారటోగాలో వెస్ట్ వ్యాలీ, లివర్‌మోర్‌లో లాస్ పొసీటాస్, ఇవన్నీ సెమిస్టర్‌వి. ఫ్రీమాంట్‌లో ఇల్లుంది కదా అని ఒక ఏడాది అక్కడ, సీటు దొరికిందని మరో ఏడాది ఇక్కడ చదివితే గణితం వరస విరుగుతుంది. క్వార్టర్‌లో 1ఏ, 1బీ రెండూ ముగించి సెమిస్టర్ కాలేజీకి వెళ్తే, అక్కడి రెండో కాల్కులస్‌లో సగం చదివినదే, సగం చదవనిది. చదవని సగంలో ఉండేది సాధారణంగా అనంత శ్రేణులు, అదే అందరికీ కష్టమయ్యే భాగం. ఒక వరస మొదలుపెట్టిన చోటే ముగించాలి. చరిత్రో మానవశాస్త్రమో పొరుగు కాలేజీలో తీసుకుంటే ఇబ్బంది లేదు.

చేరేటప్పుడు జరిగే చిన్న చిన్న తప్పులు చెబుతాం, ఎందుకంటే చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాల్కులస్ బీసీ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకున్న అమ్మాయికి 1ఏ, 1బీ తప్పుతాయి, నేరుగా 1సీలో చేరవచ్చు. ఆరు మెట్లు నాలుగవుతాయి, ఊపిరాడుతుంది. కానీ రిజిస్ట్రేషన్ తేదీన పోర్టల్ ఆమెని 1సీలోకి రానివ్వదు. ముందు కోర్సు చదివినట్టు దానికి తెలియదు మరి. స్కోరు రిపోర్టు కాలేజీకి పంపి, ప్రీరిక్విజిట్ క్లియరెన్స్ అడిగి, వాళ్లు చూసి ఒప్పుకోవాలి. దానికి రోజులు పడతాయి. స్కోర్లు జులైలో వస్తాయి. వచ్చిన రోజే పంపితే సరిపోతుంది, రిజిస్ట్రేషన్ రోజు గుర్తొస్తే సరిపోదు.

ఇంకో వైపు, ప్రీకాల్కులస్‌లో తడబడినవాళ్ల సంగతి. 2017లో చేసిన ఏబీ 705, 2022లో వచ్చిన ఏబీ 1705 చట్టాల తర్వాత ఈ కాలేజీలు ఎవరిని ఏ మెట్టులో చేర్చాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి కింది మెట్ల నుంచి ఎక్కించడం మానేశాయి. హైస్కూలు మార్కులు చూసి నేరుగా యూనివర్సిటీ స్థాయి కోర్సులో కూర్చోబెడతాయి, సైన్సు, ఇంజినీరింగు వైపువాళ్లని చాలావరకు కాల్కులస్‌లోనే. పాత పద్ధతిలో కింది కోర్సుల్లోనే ఏళ్లు గడిచి, బదిలీ దాకా రానివాళ్లు ఎందరో ఉండేవారు కాబట్టి మార్పుకి కారణముంది. అయితే పన్నెండు వారాల క్వార్టర్‌లో త్రికోణమితి మళ్లీ నేర్చుకుంటూ కాల్కులస్ చదవడం కష్టం. దానికి జతగా సపోర్టు కోర్సు ఉంటే తీసుకోవాలి. యూనిట్లు వృథా అని దాన్ని వదిలేయడం తప్పు.

ఎందుకు తప్పంటే ఈ నిబంధన చూడండి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో సీ గ్రేడు వచ్చిన కోర్సుని మెరుగైన గ్రేడు కోసం మళ్లీ చదవడానికి వీల్లేదు. డీ, ఎఫ్ వస్తే చదవవచ్చు, డబ్ల్యూ (మధ్యలో మానుకున్నట్టు గుర్తు) వచ్చినా చదవవచ్చు, మొత్తం మూడు ప్రయత్నాల దాకా. మన దగ్గర ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవడం అలవాటైన తల్లిదండ్రులకి ఇది మింగుడుపడదు. 1బీలో వచ్చిన సీ శాశ్వతం. క్వార్టర్ మధ్యలో పరిస్థితి చెయ్యిదాటుతోందని తెలిసినప్పుడు, గడువులోగా డబ్ల్యూతో బయటపడాలా, కొనసాగాలా అన్నది ఆలోచించి తేల్చుకోవలసిన విషయం. ఒక డబ్ల్యూ వల్ల ఎవరి దరఖాస్తూ మునగదు. వరసగా నాలుగైదు ఉంటే అడుగుతారు. మొదటి రెండు వారాల్లో వదులుకుంటే ఆ మచ్చ కూడా ఉండదు, ఫీజూ వెనక్కొస్తుంది. కచ్చితమైన తేదీలు ప్రతి కోర్సుకీ పోర్టల్‌లో ఉంటాయి.

నిండిన సెక్షన్‌లో చోటు సంపాదించడానికి ఒక పద్ధతి ఉంది. వెయిట్‌లిస్టులో పేరు పెట్టుకున్న విద్యార్థి మొదటి రోజు క్లాసుకి తప్పనిసరిగా వెళ్లాలి. గది నిండా జనం, వెనక గోడ పొడుగునా నిలబడి మరికొందరు. ప్రొఫెసర్ హాజరు పిలుస్తారు. పేరు నమోదై ఉండీ రానివాళ్లని తీసేస్తారు. ఖాళీ అయిన చోట్లకి వెయిట్‌లిస్టు వరసలో పిలుస్తారు. పిలిచినప్పుడు గదిలో లేకపోతే తర్వాతి పేరు. చోటు దొరికినవాళ్లకి యాడ్ కోడ్ ఇస్తారు. ఇక్కడే పిల్లలు దెబ్బతింటారు: కోడ్ చేతికొస్తే చేరిపోయినట్టే అనుకుంటారు. కాదు. గడువులోగా దాన్ని పోర్టల్‌లో కొట్టి, ఫీజు కట్టి, క్లాసు తన షెడ్యూల్‌లో కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. కొట్టడం మరిచిపోయి, పన్నెండు వారాలు కూర్చుని, పరీక్షలన్నీ రాసి, చివర్లో గ్రేడు రాకపోతే ప్రొఫెసర్ చేతుల్లో కూడా పెద్దగా ఏమీ ఉండదు. ఇంకో మాట, మొదటి రోజు వెయిట్‌లిస్టులో పదో పేరుగా ఉన్నా ఆశ వదులుకోకండి. మొదటి వారంలో జనం చాలా కదులుతారు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసింది ఇంకొకటి. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన క్షణం నుంచి ఆ రికార్డు మీద హక్కు విద్యార్థిది, వయసు పదహారైనా సరే. ఆఫీసుకి ఫోన్ చేసి "మా అబ్బాయికి ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగితే విద్యార్థి రాతపూర్వక అనుమతి లేనిదే సాధారణంగా చెప్పరు. ఇది అమర్యాద కాదు, వాళ్లకి చట్టం. కౌన్సెలర్‌తో కూర్చుని ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోవలసింది పిల్లలే. పెద్దలు చేయగలిగింది, అసిస్ట్ పేజీ ప్రింటు తీసి వాళ్లతో కలిసి ఒక సాయంత్రం చదవడం.

ఈ సిగ్గు గురించి మరింత గట్టిగా చెప్పడానికి కారణం, ఇంట్లో "కమ్యూనిటీ కాలేజీ వద్దు" అనే కుటుంబాలే తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని వేసవిలో అదే కాలేజీలో చేర్పించడం. డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద హైస్కూలు విద్యార్థులకి యూనిట్ ఫీజు ఉండదు. స్కూలు అనుమతి, తల్లిదండ్రుల సంతకం కావాలి, అంతే. యూనివర్సిటీ దరఖాస్తులో బరువు పెరుగుతుందని తీసుకుంటారు. మరి అదే గది, అదే ప్రొఫెసరు, అదే పుస్తకం పదిహేనేళ్ల వయసులో గొప్ప, పద్దెనిమిదేళ్లకి నామోషీ ఎలా అవుతుంది? దీనికి జవాబు మాకు ఎవరూ చెప్పలేదు. డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ మంచిదే. కానీ ఆ గ్రేడు కూడా శాశ్వతం. పదో తరగతి పిల్లవాడు ఆరు వారాల వేసవి కోర్సులో నిర్లక్ష్యంగా తెచ్చుకున్న సీ, మూడేళ్ల తర్వాత ప్రతి యూనివర్సిటీకీ పంపవలసిన కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో కూర్చుని ఉంటుంది.

ఎదుటివాదం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. బదిలీ అవుదామని చేరినవాళ్లలో నాలుగేళ్లలో నిజంగా మారినవాళ్లు సుమారు ఐదో వంతేనని రాష్ట్ర ఆడిటర్ 2024 నివేదికలో రాశారు. ఐదుగురిలో నలుగురు ఆగిపోతున్న దారికి మా పిల్లని ఎలా పంపమంటారు అని అడిగితే, న్యాయమైన ప్రశ్నే. ఆ నలుగురిలో ఉద్యోగం చేసుకుంటూ క్వార్టర్‌కి ఒక్క కోర్సు చదివేవాళ్లున్నారు, పిల్లల్ని పెంచుతున్నవాళ్లున్నారు, మధ్యలో దారి మార్చుకున్నవాళ్లున్నారు. కానీ అన్నీ ఉండి కూడా వరస తప్పి ఆగినవాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఉండి, పూర్తికాలం చదువుతూ, ఫీజు పెద్దలు కట్టే శివారు తెలుగు విద్యార్థికి మొదటి రకం అడ్డంకులు దాదాపు లేవు. రెండో రకానివి ఉన్నాయి. అవి సరిచేయగలిగినవి. యూనివర్సిటీలో మొదటి ఏడాది విద్యార్థిని హాస్టలు, సలహాదారు, తోటివాళ్లు చుట్టూ ఉండి నడిపిస్తారు. ఇక్కడ క్లాసు కాగానే అందరూ కార్లెక్కి వెళ్లిపోతారు. తోడు తనే వెతుక్కోవాలి: ట్యూటరింగ్ కేంద్రంలో రోజూ ఒక గంట, ఒకే వరసలో ఉన్న ముగ్గురు నలుగురితో చదువు బృందం. మనసులేక, చిన్నబుచ్చుకుని చేరిన పిల్లలు ఈ రెండూ చేయరు. ఇంటికొచ్చి తలుపేసుకుంటారు. సిగ్గు ఎక్కడ ఖర్చవుతుందో ఇక్కడ కూడా కనిపిస్తుంది.

దరఖాస్తు క్యాలెండరు. ట్యాగ్ అనే ముందస్తు హామీ ఆరు యూసీ క్యాంపస్‌లు ఇస్తాయి: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, సెప్టెంబరు 1 నుంచి 30 లోపు, అంటే రెండో ఏడాది ఫాల్ తరగతులు ఇంకా మొదలవుతుండగానే. అన్ని మేజర్లకీ వర్తించదు. ఉదాహరణకి శాంటా బార్బరాలో ఇంజినీరింగు కాలేజీకి లేదు. అసలు దరఖాస్తు నవంబరు నెలాఖరు దాకా, ఫాల్ గ్రేడులు జనవరిలో అప్‌డేట్ చేయాలి. కాబట్టి యూనివర్సిటీ చూసేది ప్రధానంగా మొదటి ఏడాది మూడు క్వార్టర్లు, ఆ పై వేసవి, రెండో ఫాల్. "మొదటి ఏడాది అలవాటు పడనీ, రెండో ఏడాది కష్టపడతాడు" అంటే, ఆ రెండో ఏడాదిలో చూపించుకునేందుకు పెద్దగా ఏమీ మిగలదు. రాష్ట్ర నివాసికి యూసీ అడిగే కనీస జీపీఏ 2.4. అది గుమ్మం మాత్రమే. కోరుకునే మేజర్లలో ఎంపికైనవాళ్ల సగటు ఎంతో ఎక్కువ, ఏ క్యాంపస్, ఏ మేజర్ అన్న వివరాలతో యూసీ ఏటా ప్రచురిస్తుంది.

వీసా మీద ఉన్న కుటుంబాలకి ప్రత్యేకంగా ఒక పేరా. కాలిఫోర్నియాలో హెచ్-4 మీద (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) ఉన్న పిల్లలు రాష్ట్ర నివాసులు కావచ్చు, ఏడాదికి పైగా ఇక్కడ ఉండి, ఉండే ఉద్దేశాన్ని కాగితాలతో చూపితే. అప్పుడు వాళ్లకీ అదే 31 డాలర్లు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చిన విద్యార్థికి ఆ వీలు లేదు, నాన్‌రెసిడెంట్ ట్యూషను అనేక రెట్లు ఎక్కువ, క్వార్టర్‌కి కనీసం 12 యూనిట్లు తీసుకోవాలి. గ్రీన్ కార్డు వరసలో ఏళ్లు గడుస్తూ పిల్లలకి 21 నిండితే హెచ్-4 పోతుంది, చాలామంది ఎఫ్-1కి మారతారు. ఆ మార్పు చదువు మధ్యలో, ముఖ్యంగా బదిలీ జరిగే ఏడాదిలో పడితే ఫీజు లెక్కంతా తారుమారు కావచ్చు. యూసీలో నాన్‌రెసిడెంట్ అదనపు ట్యూషనే ఏడాదికి 37 వేల డాలర్లకు పైన. పుట్టినరోజు తేదీ, బదిలీ తేదీ ఒకే కాగితం మీద రాసుకుని లాయరునీ, కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసునీ ముందే అడగాలి, మారిన తర్వాత కాదు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఉద్యోగం చేయకూడదు, ఫెడరల్ సాయం రాదు. క్యాంపస్‌లో పనిచేసి ఫీజు కట్టుకుంటాడనే పథకాలు వేసుకోవద్దు.

బదిలీ ఒక్కటే ఈ కాలేజీల పని కాదు. ఊళ్లో డిగ్రీ చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చి, కొన్నేళ్లు ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లకి ఇంతకన్నా దగ్గరి తలుపు లేదు. లైసెన్సున్న ప్రీస్కూల్లో పూర్తి అర్హత గల టీచరు కావడానికి రాష్ట్ర నిబంధనలు అడిగేది బాల్యవిద్యలో 12 సెమిస్టర్ యూనిట్లు, కొన్ని నెలల అనుభవం. పన్నెండంటే 18 క్వార్టర్ యూనిట్లు, 558 డాలర్లు, సుమారు నాలుగు కోర్సులు. పని చేయడానికి వర్క్ పర్మిట్ ఉండాలన్నది నిజమే. చదవడానికి మాత్రం హెచ్-4 అడ్డు కాదు. పర్మిట్ వచ్చిన రోజుకి యూనిట్లు చేతిలో ఉంటే ఆ రోజే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఊళ్లో చేసిన డిగ్రీ ఉందని ఈ కోర్సులు చిన్నతనంగా అనిపించేవాళ్లకి పైన పిల్లల గురించి చెప్పిన మాటే వర్తిస్తుంది.

ఆగస్టు చివర్లోనే ఈ వ్యాసం మీ కంటపడి ఉంటే, ఇప్పటికీ చేయగలిగింది ఉంది. ఈ రాత్రే దరఖాస్తు పెట్టండి, అది ఆన్‌లైన్‌లో ఉచితం. విద్యార్థి నంబరు రాగానే ఓరియంటేషన్ పూర్తిచేసి, 1ఏ సెక్షన్లలో పొద్దున్నవీ రాత్రివీ చూసి, వెయిట్‌లిస్టు తక్కువగా ఉన్నదాంట్లో పేరు పెట్టండి. మొదటి రోజు పావుగంట ముందు గదిలో ఉండమనండి. 1ఏ దొరక్కపోతే ఇంగ్లీషు కంపోజిషన్, ప్రోగ్రామింగు మొదటి కోర్సు 22ఏ తీసుకుని ఆ క్వార్టర్‌ని నిలబెట్టుకోవచ్చు, తర్వాతి వేసవిలో కాల్కులస్ ఒక మెట్టు ఎక్కితే వరస మళ్లీ అందుతుంది. ఇంకా ఏప్రిల్‌లోనే ఉన్నవాళ్లయితే, జూన్ చివర్లో మొదలయ్యే వేసవి క్వార్టర్‌లోనే 1ఏకి పేరు ఇప్పించండి. సెప్టెంబరుకి మీవాడు 1బీలో ఉంటాడు.